ఒకప్పుడు ప్రాణంగా విని, తర్వాత వదిలేసిన బ్యాండ్ కొత్త ఆల్బమ్ కోసం మీరెప్పుడైనా మళ్లీ ఎదురుచూశారా?

2023 చివర్లో నేను అదే పనిలో ఉన్నాను. గ్రీన్ డే కొత్త ఆల్బమ్ ‘సేవియర్స్’ 2024 జనవరి 19న వచ్చింది. కనుమ అయిన మూడో రోజు. ఆసారి ఇంట్లో పండుగ పనుల కంటే నా ధ్యాసంతా ఆ శుక్రవారం మీదే ఉండేది.

తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. కాలిఫోర్నియాకి చెందిన ముగ్గురి పంక్ (వేగంగా, సూటిగా వాయించే రాక్ సంగీతం) బ్యాండ్ ఇది. బిల్లీ జో ఆర్మ్‌స్ట్రాంగ్ గిటార్ వాయిస్తూ పాడతాడు, మైక్ డర్న్ట్ బేస్, ట్రే కూల్ డ్రమ్స్. బర్క్‌లీ ఊళ్లో గిల్మన్ స్ట్రీట్‌లోని ఒక చిన్న క్లబ్బులో వాయిస్తూ ఎదిగారు. పెద్ద రికార్డు కంపెనీలతో ఒప్పందం చేసుకున్న బ్యాండ్లను అప్పట్లో ఆ క్లబ్బు రానిచ్చేది కాదు. అందుకే 1994లో ‘డూకీ’తో ప్రపంచమంతా పేరు వచ్చేసరికి సొంత చోటే వాళ్లకు దూరమైంది.

నాకు వాళ్లు పరిచయమైంది 2004లో వచ్చిన ‘అమెరికన్ ఇడియట్’తో. అనంతపురంలో ఇంజనీరింగ్ చదువుతున్నప్పుడు బెంగళూరు నుంచి ఎవరో తెచ్చిన ఎంపీ3 సీడీలో దొరికింది. ఆ ఆల్బమ్ మొదటి నుంచి చివరి దాకా ఒకే కథ. మా సీడీలోనేమో పాటలు అక్షరక్రమంలో ఉండేవి. కథ ముక్కలు ముక్కలుగా చెవిన పడేది, అయినా ఆ కోపం, ఆ రాగం రెండూ సూటిగా తగిలేవి. చాలాకాలం తర్వాత అసలు వరుసలో విన్నప్పుడు కొత్త ఆల్బమ్ విన్నట్టే అనిపించింది.

అప్పట్లో మా చుట్టుపక్కల గిటార్ అంటే సినిమా పాటలు, లేదంటే చర్చి పాటలు. చర్చిలో వాయించే క్లాస్‌మేట్ ఒకడు నాకు పవర్ కార్డ్ (రెండు మూడు తీగలే కలిపి మోగించే పద్ధతి) చూపించాడు. ఆ వేళ్ల ఆకారాన్ని మార్చకుండా గిటార్ మెడ మీది ఫ్రెట్ల (అడ్డగీతల) వెంట ముందుకీ వెనక్కీ జరిపితే చాలు, గ్రీన్ డే పాటలు చాలావరకు వచ్చేస్తాయి. ఏళ్ల తరబడి సాధన అక్కర్లేదు, చెప్పాల్సిన మాట ఉంటే వెంటనే మొదలుపెట్టొచ్చు. పంక్‌లో నేను ప్రేమించింది అదే, ఇప్పటికీ అదే.

మరి ఎందుకు వదిలేశానంటే, 2012లో వాళ్లు మూడు నెలల్లో మూడు ఆల్బమ్‌లు వదిలారు. మంచి పాటలున్నాయి, కానీ వెతుక్కోవాలి. అదే సమయంలో బిల్లీ జో తాగుడు, మాత్రల వ్యసనానికి చికిత్స కోసం వెళ్లాడు. 2016 నాటి ‘రెవల్యూషన్ రేడియో’ ఫర్వాలేదు. 2020లో వచ్చినది మొత్తం 26 నిమిషాలు. ఒకసారి విన్నాను, మళ్లీ పెట్టాలనిపించలేదు. గిటార్ అటకెక్కింది.

2023 అక్టోబర్ 24న ‘ది అమెరికన్ డ్రీమ్ ఈజ్ కిల్లింగ్ మీ’ అనే పాటతో కొత్త ఆల్బమ్ కబురొచ్చింది. నిర్మాత పేరు చూడగానే లేచి కూర్చున్నాను: రాబ్ కవాలో. ‘డూకీ’, ‘అమెరికన్ ఇడియట్’ రెండూ ఆయన చేసినవే. గిటార్ ఎంత మందంగా ఉండాలి, దాని మీద గొంతు ఎంత స్పష్టంగా నిలబడాలి అన్నది ఆయనకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదని నా నమ్మకం. 2012 ఆల్బమ్‌లూ ఆయనవే కదా అని అడగొచ్చు. నిజమే. కానీ అక్కడ లోపం సౌండ్‌లో కాదు, ఏరకుండా అన్నీ వదిలేయడంలో ఉంది. ఈసారి ఒకే ఆల్బమ్, 15 పాటలు.

మా ఊళ్లో ఏ సెంటర్‌లో నిలబడ్డా అమెరికా చదువుల కన్సల్టెన్సీ బోర్డు కనిపిస్తుంది. నా బ్యాచ్‌లో చాలామంది ఆ దారినే వెళ్లారు. ఆ దేశంలోనే పుట్టిన మనిషి, అక్కడ పని పోయి వీధిన పడ్డవాళ్ల గురించి ఇంత కసిగా పాడుతుంటే ఇక్కడ కూర్చుని వినడం మామూలుగా లేదు. ‘అమెరికన్ ఇడియట్’ నాటి పదును ఆ పాటలో ఉంది.

అయితే నన్ను పూర్తిగా వెనక్కి లాగింది ఆ డిసెంబర్‌లో వచ్చిన ‘డైలెమా’. మానేసిన మందు మళ్లీ పట్టుకున్న మనిషి పాట అది. 50 దాటిన గాయకుడు తన బలహీనతను దాచకుండా, గొంతు చించుకుని పాడాడు. 2012లో ఏం జరిగిందో తెలిసినవాళ్లకు అది వింటే గుండె పట్టేస్తుంది. అది విన్న రాత్రే గిటార్ దించి తీగలు మార్చాను.

2024లో ‘డూకీ’కి 30, ‘అమెరికన్ ఇడియట్’కి 20 ఏళ్లు నిండాయి. ఆ ఏడాది టూర్‌లో ఆ రెండూ మొదటి నుంచి చివరి దాకా వాయించారు. ఆ జాబితాలో ఇండియా లేదు, అప్పటివరకూ ఇక్కడికి రాలేదు కూడా. బెంగళూరులో షో అని తెలిస్తే చాలు, ఆ రోజుకి సెలవు ఇప్పుడే రాసిచ్చేస్తాను.

మరి మీ బ్యాండ్ ఏది? కామెంట్‌లో చెప్పండి, వింటాను.