టెక్ సందేహాలు: నీలి టిక్కులు పడ్డాయి, జవాబు రాలేదు

ప్రశ్న: మా అబ్బాయి డల్లాస్‌లో ఉంటాడు. పొద్దున్నే వాట్సాప్‌లో ఏదైనా రాస్తే కాసేపటికి నీలి టిక్కులు పడతాయి. జవాబు మాత్రం మర్నాటికి గాని రాదు. ఒక్కోసారి ఒకే టిక్కుతో ఆగిపోతుంది. అప్పుడైతే ఇక పని చేయబుద్ధి కాదు. ఈ టిక్కులు కనబడకుండా చేసుకోవచ్చా? – ఒక తల్లి, నెల్లూరు

జవాబు: నీలి టిక్కుల వరకు చేసుకోవచ్చమ్మా. అయితే అవి చెప్పేదెంతో ముందు చూడండి. ఒక బూడిద రంగు టిక్కు ఉంటే సందేశం వాట్సాప్ సర్వర్‌కు చేరింది, అబ్బాయి ఫోనుకు ఇంకా చేరలేదు. ఫోను ఆపి ఉన్నా, నెట్ లేకపోయినా, విమానంలో ఉన్నా ఇలాగే కనిపిస్తుంది. అలా చేరని సందేశాన్ని సర్వర్ 30 రోజుల వరకు అట్టే పెడుతుంది. రెండు బూడిద టిక్కులుంటే ఫోనుకు అందింది. రెండూ నీలమైతే ఆ చాట్ తెరిచారు, అంతే. తెరిచినవాళ్లు తీరికగా చదివారో, నిద్రమత్తులో వేలు తగిలి తెరుచుకుందో ఏ టిక్కూ చెప్పదు. పైగా నోటిఫికేషన్‌లోనే చదివేస్తే నీలం పడనే పడదు.

ఇక గడియారం సంగతి. వేసవిలో మీకు ఉదయం 9 గంటలైతే డల్లాస్‌లో ముందురోజు రాత్రి 10:30. చలికాలంలో తేడా మరో గంట పెరుగుతుంది. పడుకునే ముందు చూసి, పొద్దున రాద్దామనుకుని, లేచాక ఆఫీసు హడావిడిలో పడితే, సాయంత్రం ఇంటికి చేరి ఫోను తీసేసరికి మీకు తెల్లవారుజాము. మీవాడు ఆలస్యం చేయడం లేదు, మీ ఇద్దరి పగళ్లు కలవడం లేదు.

సెట్టింగ్స్‌లో ప్రైవసీలోకి వెళ్లి రీడ్ రిసీట్స్ ఆపేయండి. మీరు చదివినట్టు ఇతరులకు తెలియదు, ఇతరులు చదివినట్టు మీకూ తెలియదు. చాలామంది ఈ రెండో సగాన్ని నష్టంగా చూస్తారు. మీకు కావలసింది అదే. లాస్ట్ సీన్‌ (చివరిసారి వాట్సాప్ చూసిన సమయం) కూడా అక్కడే దాచేయండి, మీది దాస్తే ఎదుటివారిదీ కనిపించదు. గ్రూపుల్లో మాత్రం నీలి టిక్కులను ఆపడం కుదరదు. తొందర పని ఉంటే రాయకుండా ఫోన్ చేస్తానని అబ్బాయితో ఒక మాట అనుకోండి. ఇది సెట్టింగ్ కాదు గాని, అన్ని సెట్టింగ్‌ల కంటే బాగా పనిచేస్తుంది.

ప్రశ్న: జవాబు ఆలస్యమైతే కలిగే ఆందోళనను తగ్గించే మెసేజింగ్ యాప్ మా చివరి ఏడాది ప్రాజెక్టు. ఏయే ఫీచర్లు పెట్టాలి? – ఇంజనీరింగ్ విద్యార్థి, వరంగల్

జవాబు: పెట్టాల్సినవాటి కంటే తీసేయాల్సినవే ఎక్కువ. రిజిస్టర్డ్ పోస్టులో తిరిగొచ్చే రసీదు ఉత్తరం అందిందనే చెప్పేది, చదివారో లేదో చెప్పేది కాదు. బ్లాక్‌బెర్రీ ఫోన్ల మెసెంజర్ అందితే ‘డి’ (డెలివర్డ్) అని, చదివితే ‘ఆర్’ (రీడ్) అని చూపి ఆ గీత దాటింది. 2014 నవంబరులో వాట్సాప్ నీలి టిక్కులు తెస్తే ఎంత గోల జరిగిందంటే, కొద్ది రోజులకే ఆపుకునే వీలు ఇవ్వవలసి వచ్చింది. లోపం ఎక్కడుంది? ‘చూశారు’ అని చెప్పి ‘ఎందుకు రాయలేదు’ అన్నది చెప్పకపోవడంలో. ఆ ఖాళీని మనసు తనకు తోచిన చెడుతో నింపుకుంటుంది.

కాబట్టి సమాచారాన్ని మసకబార్చండి, లేదా కారణం కూడా చెప్పండి. మసకబార్చడం టెలిగ్రామ్‌కు తెలుసు. లాస్ట్ సీన్ దాచినవారి విషయంలో గంటా నిమిషమూ చూపకుండా ‘ఇటీవల’, ‘ఈ వారంలో’ అని వదిలేస్తుంది. కారణం చెప్పడం 2021లో ఐఫోన్ల సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 15తో వచ్చిన ఫోకస్‌లో ఉంది. ఎదుటివారు నోటిఫికేషన్లు ఆపుకున్నారని పంపేవారికి కనిపిస్తుంది, మరీ అవసరమైతే అయినా సరే తెలియజేసే బటనూ ఉంటుంది. నేను చూసినవాటిలో నాకు నచ్చిన పద్ధతి ఇదే.

మీరు చేయదగినవి ఇంకో రెండు. పంపేవారే ‘తొందర లేదు’ అని గుర్తు పెట్టే వీలు ఒకటి. ‘చూశాను, రాత్రికి రాస్తాను’ అని ఒక్క తాకుతో చెప్పి, చదివినవారికే ఆ రాత్రి గుర్తు చేసే ఏర్పాటు ఇంకొకటి. చాలా జవాబులు ఆగిపోయేది అయిష్టంతో కాదు, మరుపుతో.

ఒక్కటి మాత్రం వద్దు. ‘ఈయన సాధారణంగా గంటలో జవాబిస్తారు’ అన్న లెక్క. దుకాణానికి అది బాగుంటుంది. స్నేహితుడి పేరు కింద పెడితే అరవై ఒకటో నిమిషం నుంచి కొత్త దిగులు మొదలవుతుంది. టైప్ చేస్తున్నట్టు ఆడే మూడు చుక్కలు కూడా మొదటి రోజు నుంచే ఆపి ఉంచండి, కావలసినవారు ఆన్ చేసుకుంటారు.

ప్రశ్న: స్నేహితుడికి పంపిన సందేశానికి రెండు రోజులుగా ఒకే టిక్కు. నన్ను బ్లాక్ చేశాడా? – డిగ్రీ విద్యార్థి, కాకినాడ

జవాబు: ఖాయంగా చెప్పలేం. బ్లాక్ చేసినవారి గోప్యత కోసం వాట్సాప్ కావాలనే దీన్ని అస్పష్టంగా ఉంచింది. లాస్ట్ సీన్ కనిపించకపోవడం, ఫొటో మారకపోవడం, వాట్సాప్ కాల్ కలవకపోవడం అన్నీ కలిస్తే అనుమానించవచ్చు గాని, ఫోను పాడైనా దాదాపు ఇవే కనిపిస్తాయి. మామూలు కాల్ చేయండి.