ఓనరు ఫోన్లో సరే అని, ఇప్పుడు ఖాళీ చేయమంటున్నారా? (సబ్‌లెట్: మీరు అద్దెకున్న ఇంటిని మరొకరికి అద్దెకివ్వడం)

అసలు చిక్కు అనుమతి కాగితం మీద లేకపోవడం. ఆరు నెలలు బెంగళూరు వెళ్తూ మీరు అద్దెకున్న హైదరాబాద్ ఫ్లాటు స్నేహితుడికి అద్దెకిచ్చారు, ఓనరు నోటిమాటగానే ఒప్పుకున్నారు. 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం 10వ సెక్షన్ అడిగేది రాతపూర్వక అనుమతి. ఒక్క గది ఇచ్చినా అంతే. ఆ చట్టం వర్తించని ఇల్లయినా, అగ్రిమెంటులో ‘సబ్‌లెట్ చేయరాదు’ అని ఉంటే మీ వాదన నిలవడం కష్టం.

1. ముందు ఆ క్లాజు చదవండి.

2. ఓనరు చేత ఒక పేజీ రాయించుకోండి. చాలామంది వదిలేసేది ఇదే. ఫ్లాటు నంబరు, స్నేహితుడి పేరు, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, కింద సంతకం. పాత తేదీ మాత్రం వేయించకండి. ఇన్నాళ్లుగా ఉంటున్నది తెలిసే ఒప్పుకుంటున్నానని ఒక వాక్యం చాలు.

3. స్నేహితుడితో అగ్రిమెంటు, ఓనరుతో మీ అగ్రిమెంటు గడువుకన్నా ముందే ముగియాలి.

4. అద్దె మీ ఖాతా నుంచే ఓనరుకు పంపండి. స్నేహితుడు ఎగ్గొట్టినా బాకీ మీదే.

ఓనరు సంతకానికి ఒప్పుకోకపోతే, స్నేహితుడితోనే నేరుగా కొత్త అగ్రిమెంటు రాసుకోమనండి. మీ అడ్వాన్సు వెనక్కి వచ్చాకే తాళాలు ఇవ్వండి.