దీవుల మీది సాయంత్రపు వానకు అంత బలం ఎక్కడిది?

ప్రశ్న: ఎండ బాగా కాసిన రోజుల్లో మా తిరుపతిలో మధ్యాహ్నం దాటాక కొండల మీద మబ్బు పట్టి, సాయంత్రం ఉరుములతో వాన పడి, రాత్రికి ఆకాశం తేటపడడం చూస్తుంటాం. ఇండోనేసియా దీవుల్లో ఇది దాదాపు రోజూ జరుగుతుందని, దాని ప్రభావం వేల కిలోమీటర్ల దాకా ఉంటుందని చదివాను. ఒక్క పూటలో వచ్చి పోయే వాన అంత పని ఎలా చేస్తుంది? – ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: పగటి వేడికి రాత్రి చల్లదనం చెల్లయిపోతుందన్నది మీ ప్రశ్నలోని అసలు సందేహం. నేల విషయంలో అది చాలావరకు నిజమే గాని, వాన విషయంలో కాదు. సుమత్రా, బోర్నియో, న్యూగినీ వంటి దీవుల్లో పొద్దెక్కేకొద్దీ నేల సముద్రం కంటే త్వరగా వేడెక్కుతుంది. అప్పుడు తేమ నిండిన సముద్రపు గాలి తీరాల నుంచి లోపలికి వీచి, కొండల దగ్గర పైకి లేచి, మేఘమై కురుస్తుంది. ఒక కిలో నీటి ఆవిరి చినుకులుగా మారేటప్పుడు సుమారు 25 లక్షల జౌళ్ల వేడి విడుదలవుతుంది. కొన్ని కిలోమీటర్ల ఎత్తున చేరిన ఆ వేడి, రాత్రి నేల చల్లబడినంత మాత్రాన వెనక్కి రాదు, గాలిలో అలలుగా దూరదూరాలకు పాకుతుంది. పైగా ఉదయం ఆకాశం నిర్మలంగా ఉండి నేలకు ఎండంతా అందాకే మబ్బు కమ్ముతుంది కాబట్టి, ఎండనూ మబ్బునూ రోజంతటికీ సగటుగా పరచి లెక్కవేస్తే అక్కడ పడే వాన లెక్కకు అందదు.

ఇలా పోగయ్యే వేడి వాకర్ చక్రానికి ఒక ముఖ్యమైన ఆధారం. ఇక్కడ లేచిన గాలి తూర్పుగా సాగి, దక్షిణ అమెరికా వైపు పసిఫిక్ మీద కిందికి దిగి, వ్యాపార పవనాలుగా తిరిగి వస్తుంది. 1904 నుంచి 1924 వరకు భారత వాతావరణ శాఖకు అధిపతిగా ఉన్న గిల్బర్ట్ వాకర్ పేరే దానికి పెట్టారు.

మన ప్రాంతానికి ఇంకా దగ్గరి సంగతి, వార్తల్లో ఎంజేవో అని వినిపించే మాడెన్–జూలియన్ ఆసిలేషన్. 1971లో వెలుగులోకి వచ్చిన ఈ విశాలమైన మేఘసమూహం హిందూ మహాసముద్రం నుంచి తూర్పుకు సెకనుకు సుమారు 5 మీటర్ల వేగంతో కదులుతూ, 30 నుంచి 60 రోజులకొకసారి తిరిగి వస్తుంటుంది. ఇది బంగాళాఖాతానికి చేరువగా ఉన్నప్పుడు అక్కడ అల్పపీడనాలు ఏర్పడడానికి పరిస్థితులు అనుకూలిస్తాయి. అయితే ఆ దీవులను చేరాక ఇది చాలాసార్లు నీరసించి ఆగిపోతుంది. కొండలు గాలికి అడ్డు రావడం ఒక కారణం. ఆ సమూహం నిలవడానికి సముద్రం మీద వాన పడుతూ ఉండాలి గాని, సాయంత్రాల్లో నేల మీద వాన జోరందుకుంటే సముద్రం మీది మేఘం పలచబడుతుందన్నది మరో కారణం. నాకు ఎక్కువ బరువైనదిగా తోచేది ఇదే. సముద్రం మీది వాన నేల మీది వానను మించిన సందర్భాల్లోనే ఎంజేవో ఎక్కువగా అవతలికి దాటుతున్నట్టు పరిశీలనలు చెబుతున్నాయి.

గాలి ఇలా పైకీ కిందికీ కదిలే తీరును కొలిచే రాడార్ మీకు దగ్గరలోనే, తిరుపతి–చిత్తూరు దారిలోని గాదంకిలో ఉంది: 1024 యాంటెన్నాలు బారులు తీరిన మైదానం అది. సుమత్రాలోని కోటోటబాంగ్‌లో 2001 నుంచి ఇలాంటిదే మరొకటి పనిచేస్తోంది. కంప్యూటర్ నమూనాలు చాలావరకు దీవుల మీద సాయంత్రం పడవలసిన వానను మధ్యాహ్నానికే కురిపించేస్తాయి. ఆ కొద్ది గంటల తేడా వల్ల ఎంజేవో దీవులను దాటుతుందో లేదో సరిగ్గా తేలదు, రెండు మూడు వారాల ముందు చెప్పే వర్ష సూచనలు అక్కడే పట్టు తప్పుతాయి.