తాళం వేసిన ఇంటికి రెట్టింపు పన్ను.. పైగా పర్సనల్ లోనా?

ప్రశ్న: 2023 మార్చిలో ఇంగ్లండ్ నుంచి హైదరాబాద్ వచ్చేశాం. నల్లగండ్లలో ఫ్లాట్ కొన్నాం, ఈఎంఐ నడుస్తోంది. ఇంగ్లండ్‌లోని ఇంటి మీద అప్పు లేదు. సామాన్లన్నీ తీసేసి తాళం వేసి వచ్చాం. ఏడాదికి 2,000 పౌండ్లుండే కౌన్సిల్ ట్యాక్స్ (అక్కడి స్థానిక సంస్థకు కట్టే ఇంటి పన్ను) ఇప్పుడు 4,000 అయింది. రెండు మంచాలు, సోఫా వేయిస్తే ఈ అదనం పోతుందంటున్నారు. పోయిన వేసవిలో మా తోడల్లుడు పదిహేను రోజులు అక్కడున్నాడు, అది లెక్కలోకి వస్తుందా? వంటగది, బాత్రూం బాగు చేయించి ధర పెరిగాక అమ్మాలని ఉంది. దానికి 14 శాతం వడ్డీతో రూ.12 లక్షల పర్సనల్ లోన్ తీసుకోవచ్చా? నెల ఖర్చు ఈఎంఐతో కలిపి రూ.1.4 లక్షలు, చేతిలో రూ.2.5 లక్షలున్నాయి.

జవాబు: లోన్ వద్దు. నాలుగేళ్లకు తీసుకుంటే నెలకు దాదాపు రూ.32,800 కట్టాలి, వడ్డీయే రూ.3.7 లక్షలు దాటుతుంది. పౌండు రూ.115 అనుకుంటే కౌన్సిల్ ట్యాక్స్ నెలకు రూ.38,000 పైనే. అంటే ఎవరూ ఉండని ఇంటికి నెలకు రూ.71,000. ధర పెరిగితే ఇవన్నీ కలిసొస్తాయనుకోవడం లెక్క కాదు, ఆశ.

ఇంగ్లండ్‌లో, గల్ఫ్‌లో, అమెరికాలో ఇల్లు వదిలి వచ్చినవాళ్లలో చాలామంది చేసే పొరపాటే మీరూ చేస్తున్నారు. ఆస్తి ఉంది కదా అన్న ధీమాతో అత్యవసర నిధిని ఖాళీ చేసుకుంటున్నారు. మీ నెల ఖర్చు రూ.1.4 లక్షలు, ఆరు నెలలకు రూ.8.4 లక్షలు ఉండాలి. ఉన్నది రూ.2.5 లక్షలు, రెండు నెలలకు కూడా రాదు. ఏడాది కౌన్సిల్ ట్యాక్స్ రూ.4.6 లక్షలు, మీ దగ్గరున్న డబ్బు కంటే ఎక్కువ. రేపు ఉద్యోగం పోతే నల్లగండ్ల ఈఎంఐ ఎక్కడి నుంచి తెస్తారు? అమ్మకానికి నెలలు పట్టే ఇల్లు ఆ పూటకు అక్కరకు రాదు.

మన దగ్గరి అలవాటు కూడా మిమ్మల్ని తప్పుదారి పట్టిస్తోంది. జీహెచ్‌ఎంసీలో తాళం వేసిన ఇంటికి అదనపు పన్ను లేదు. బకాయికి నెలకు 2 శాతం వడ్డీ పడినా, ఓటీఎస్ (ఒకేసారి కట్టేస్తే రాయితీ ఇచ్చే పథకం) వచ్చినప్పుడు అందులో 90 శాతం మాఫీ అవుతుందని ఆగేవాళ్లున్నారు. ఇంగ్లండ్‌లో ఓటీఎస్ కోసం ఎదురుచూడకండి. వాయిదా తప్పితే రిమైండర్ వస్తుంది, ఏడు రోజుల్లో కట్టకపోతే ఏడాది మొత్తం ఒకేసారి అడుగుతారు. తర్వాత కోర్టు నుంచి లయబిలిటీ ఆర్డర్ (బకాయి కట్టాల్సిందేనన్న ఉత్తర్వు). బకాయి 1,000 పౌండ్లు దాటితే కౌన్సిల్ ఇంటి మీదే ఛార్జింగ్ ఆర్డర్ (ఇంటిని బకాయికి హామీగా చేసే ఉత్తర్వు) తెచ్చుకోవచ్చు.

ఇక ప్రీమియం, అంటే ఖాళీ ఇంటిపై వేసే అదనపు పన్ను. 2024 ఏప్రిల్ నుంచి, ఏడాదికి పైగా ఖాళీగా, పెద్దగా సామాన్లు లేకుండా ఉన్న ఇంటిపై కౌన్సిల్ 100 శాతం దాకా అదనంగా వేయొచ్చు. అంతకు ముందు ఈ గడువు రెండేళ్లు. ఐదేళ్లు దాటితే అదనం 200 శాతం, పదేళ్లు దాటితే 300 శాతం దాకా వెళ్తుంది. మీ ఇంటికి 2028 మార్చితో ఐదేళ్లు నిండుతాయి. అప్పుడు ఇదే పన్ను 6,000 పౌండ్లు కావచ్చు.

తోడల్లుడి పదిహేను రోజులు పనికిరావు. ఆరు వారాలు మించకుండా ఎవరైనా ఉన్నా, సామాను పెట్టినా ఆ మధ్యకాలాన్ని లెక్కలోంచి తీసేస్తారు, ఖాళీ గడువు అలాగే కొనసాగుతుంది. మంచాలు, సోఫా వేసి అలాగే ఉంచితే ఇల్లు సెకండ్ హోమ్ (సామాన్లున్నా ఎవరూ స్థిరంగా ఉండని ఇల్లు) కిందికి మారుతుంది. 2025 ఏప్రిల్ నుంచి సెకండ్ హోమ్‌లపైనా 100 శాతం దాకా అదనం వేసే అధికారం కౌన్సిళ్లకు ఉంది. మీ కౌన్సిల్ దాన్ని అమలు చేస్తుంటే సోఫా ఖర్చు దండగ.

నిజంగా పనికొచ్చే మినహాయింపు ఒకటుంది. ఇంటిని సరైన ధరకు అమ్మకానికి పెడితే 12 నెలల దాకా ప్రీమియం ఉండదు. మామూలు పన్ను మాత్రం కట్టాలి. ఏజెంట్‌తో ఒప్పందం, ప్రకటన కాపీ, పెట్టిన తేదీ జతచేసి కౌన్సిల్‌కు ఈమెయిల్ పంపండి. ఒకే యజమానికి, ఒకే ఇంటికి అమ్మకం పేరుతో ఈ వెసులుబాటు ఒక్కసారే. ఎవరూ కొనని ధర పెట్టి ఆ 12 నెలలు పోగొట్టుకోకండి. ముగ్గురు ఏజెంట్ల చేత విలువ కట్టించి, మధ్య ధరకు పెట్టండి.

వంటగది, బాత్రూం ఉన్నవి ఉన్నట్టే అమ్మండి. కొనేవాళ్లు ఎలాగూ తమకు నచ్చినట్టు మార్చుకుంటారు. నీరు కారడం లాంటివి తప్పనిసరిగా సరిచేయించాల్సి వస్తే ఒక్క సంగతి గుర్తుంచుకోండి: రెండేళ్లకు పైగా ఖాళీగా ఉన్న ఇంటి మరమ్మతుకు వ్యాట్ 20 శాతం కాదు, 5 శాతమే. 10,000 పౌండ్ల పనిలో 1,500 మిగులుతాయి. కాకపోతే బిల్లు వ్యాట్ రిజిస్ట్రేషన్ ఉన్న బిల్డరే ఇవ్వాలి, ఇల్లు ఖాళీగా ఉందని కౌన్సిల్ ఇచ్చిన ఉత్తరం ఆయన చేతిలో ఉండాలి. మరమ్మతు సామాను మీరే విడిగా కొంటే దానికి ఈ రేటు వర్తించదు.

బీమా ఈ వారమే చూడండి. మామూలు హోమ్ పాలసీలు ఇల్లు వరుసగా 30 లేదా 60 రోజులు ఖాళీగా ఉంటే చాలా నష్టాలకు కవర్ ఆపేస్తాయి. చలికాలంలో పైపు పగిలి అంతస్తులు తడిసిపోతే క్లెయిమ్ తిరస్కరించడానికి ఆ ఒక్క షరతు చాలు. ఖాళీ ఇళ్ల పాలసీకి మారి, నీళ్లు డ్రెయిన్ చేయించి, ఆ పాలసీ అడిగినన్ని రోజులకోసారి ఎవరో ఒకరు వెళ్లి చూసి తేదీ రాసేలా ఏర్పాటు చేయండి.

అద్దెకిచ్చినా ప్రీమియం పోతుంది. కానీ ఈపీసీ (ఇంటి ఇంధన సామర్థ్య పత్రం), గ్యాస్, కరెంటు తనిఖీలు, ఏజెంట్ ఫీజు, ఎన్‌ఆర్‌ఎల్1 (విదేశాల్లో ఉండే యజమాని పెట్టుకునే దరఖాస్తు) ఆమోదం లేకపోతే అద్దెలో 20 శాతం పన్ను కోత.. ఇవన్నీ ఇక్కడి నుంచి చూసుకోగలరా?

అమ్మకం పూర్తయిన 60 రోజుల్లోగా, లాభం లేకపోయినా, హెచ్‌ఎంఆర్‌సీకి (బ్రిటన్ పన్నుల శాఖ) రిపోర్టు చేయాలి. అక్కడ మీరు నివసించిన కాలానికి, అమ్మే ముందు చివరి 9 నెలలకు లాభంపై పన్నులో ఊరట ఉంటుంది కాబట్టి కొన్నప్పటి కాగితాలు వెతికి పెట్టుకోండి. మన రిటర్న్‌లోనూ, రెసిడెంట్ అండ్ ఆర్డినరిలీ రెసిడెంట్ (పూర్తిస్థాయి రెసిడెంట్) హోదా వచ్చాక, విదేశీ ఆస్తుల షెడ్యూల్‌లో ఈ ఇల్లు కనిపించాలి. అమ్మేదాకా ప్రతి ఏడాదీ. విదేశీ ఆస్తులు చూపకపోతే రూ.10 లక్షల జరిమానా ఉంది. రూ.20 లక్షల లోపు ఆస్తులకిచ్చిన మినహాయింపు ఇళ్లకు, స్థలాలకు వర్తించదు.

డబ్బు చేతికొచ్చాక మొదటి రూ.8.4 లక్షలు అవసరమైనప్పుడు త్వరగా తీసుకోగలిగే స్వీప్ ఇన్ డిపాజిట్‌లోనో లిక్విడ్ ఫండ్‌లోనో వేయండి. దాన్ని ముట్టుకోకుండా, మిగిలిన దానితో నల్లగండ్ల లోన్ తగ్గించుకోండి.