మంగళవారం బిళ్ళ

“మా నాన్నగారికి 81 ఏళ్ళు. సుగరు, బీపీ, గుండె, అన్నిటికీ కలిపి రోజుకు తొమ్మిది రకాల మందులు, రెండు పూటలా ఇన్సులిన్. కోనసీమలో ఒక వృద్ధాశ్రమంలో చేర్పించాలనుకుంటున్నాం. అక్కడ మందులు సరిగ్గా ఇస్తారా? ముందుగా ఏం చూసుకోవాలి?” అని మీరు అడిగారు.

గది చూడకండి, తోట చూడకండి, భజన మందిరం చూడకండి. ఆదివారం మధ్యాహ్నం అసలు వెళ్ళకండి. మామూలు రోజున పొద్దున్న ఏడున్నరకు, చెప్పకుండా వెళ్ళండి. బిళ్ళలు పంచే వేళ అది. ఎవరు పంచుతున్నారు, ఎందులోంచి తీస్తున్నారు, పద్దు ఎప్పుడు రాస్తున్నారు, ఈ మూడూ చూసి వెనక్కి రండి. మిగతాదంతా సున్నం, రంగు.

నేను డాక్టరును కాను, కాంపౌండరును కూడా కాను. ముప్ఫై నాలుగేళ్ళు గోదావరి కాలువల మీద పనిచేసి రిటైరయ్యాను. నాకు బాగా తెలిసిందల్లా పద్దు పుస్తకం. వరద రోజుల్లో లస్కర్లు, అంటే కాలువ కాపలా మనుషులు, గంటగంటకూ గేజి (నీటి లోతు కొలిచే అంకెల గుర్తులు) చూసి నీటిమట్టం రాయాలి. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర 11.75 అడుగులకు మొదటి వరద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. అక్కడ అర అడుగు తప్పు రాస్తే నది మధ్య లంకల్లో జనం పడవ ఎక్కాల్సిన వేళ తప్పుతుంది. 1986 ఆగస్టు వరదప్పుడు నేను ఉద్యోగానికి కొత్త. అర్ధరాత్రి వానలో గొడుగు వేసుకుని గట్టు దిగి, లాంతరు ఎత్తి చూసి రాసే మనిషిని చూశాను. తెల్లారాక టీ తాగుతూ రాత్రి పద్దులన్నీ ఒకే ఊపులో నింపేసే మనిషినీ చూశాను. ఈ రెండోవాడి పుస్తకం ఎంతో ముచ్చటగా ఉంటుంది. ఒకే సిరా, ఒకే వాలు, ఒక్క కొట్టివేత ఉండదు. పేజీ తిప్పగానే పట్టేసేవాణ్ణి. తడిచేత్తో రాసిన పుస్తకానికి మరకలుంటాయి.

ఇక అసలు సంగతి. మా అమ్మకు 84. కీళ్ళవాతంతో చేతివేళ్ళు వంకరపోయాయి. దానికి మెథోట్రెక్సేట్ అనే మందు వాడుతుంది. క్యాన్సరు వైద్యంలోనూ వాడే మందే అది. కీళ్ళవాతానికైతే వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. పొరపాటున రోజూ వేసుకుంటే ఎముకల మూలుగలో రక్తకణాలు తయారవడమే మందగిస్తుంది. ఆ మందు దుష్ఫలితాలు తగ్గడానికి మిగతా ఆరు రోజులూ ఫోలిక్ యాసిడ్ రాశారు. మంగళవారం నాలుగు బిళ్ళలు, తక్కిన రోజుల్లో ఒక్కొక్కటి. అమ్మ మొదటిదాన్ని ‘మంగళవారం బిళ్ళ’ అంటుంది, రెండోదాన్ని ‘ఉత్త బిళ్ళ’ అంటుంది. మాకు దొరికినవి రెండూ పసుపురంగువే, రెండూ చిన్నవే. అరచేతిలో పక్కపక్కన పెడితే కవల పిల్లలే.

రెండేళ్ళ కిందట మా అమ్మాయి పురిటికి నేనూ మా ఆవిడా నాలుగు నెలలు హైదరాబాదులో ఉండవలసి వచ్చింది. అమ్మను రమ్మంటే “ఆ పావురాల గూళ్ళలో నేనుండలేను, కాలువ కనబడని ఊళ్ళో నాకు నిద్ర పట్టదు” అంది. పాలకొల్లు చుట్టుపక్కల ఒక ఆశ్రమంలో పెట్టాం. ఇరవై ఇద్దరు ముసలివాళ్ళు, ఇద్దరు ఆయాలు, పగటిపూట వచ్చి వెళ్ళే ఒక సిస్టరు. కొడుకుండగా ఆశ్రమమా అని బంధువులు నాలుగు మాటలన్నారు. అన్నవాళ్ళెవరూ నాలుగు నెలలు మేముంచుకుంటామని అనలేదు.

నేను జాగ్రత్తపరుణ్ణి కదా. అమ్మ వేళ్ళతో రేకుల్లోంచి బిళ్ళ నొక్కి తీయలేదు. అందుకని నాలుగు నెలలకు సరిపడా బిళ్ళలన్నీ విప్పి, రెండు ఖాళీ ప్లాస్టిక్ సీసాల్లో వేశాను. మూతల మీద లావుపాటి పెన్నుతో ఒకదానికి ‘మంగళ’, ఇంకోదానికి ‘రోజూ’ అని రాశాను. నా పనితనానికి నేనే మురిసిపోయి, ఫోటో తీసి మా అమ్మాయికి పంపాను కూడా.

ఐదో వారంలో అమ్మ ఫోను చేసి “నోరు పూసిందిరా, మజ్జిగన్నం కూడా దిగడం లేదు” అంది. వేడి చేసి ఉంటుంది, కొబ్బరినీళ్ళు తాగు అన్నాను. ఆయా అప్పటికే సబ్జా నీళ్ళు పట్టింది. సిస్టరు బీకాంప్లెక్సు ఇచ్చింది. మన గోదావరి జిల్లాల్లో జబ్బులన్నిటికీ ఒకటే పేరు, వేడి. నోరు పూస్తే వేడి, కళ్ళు మండితే వేడి, మనిషి సోలిపోతే వేడి. ఊరినిండా కొబ్బరిచెట్లు ఉండటం వల్ల వచ్చిన తెగులు ఇది. చేతికందే వైద్యం ఏదో దానికి తగ్గ జబ్బును పుట్టిస్తాం. అలా మూడు రోజులు పోయాయి.

మా అక్క కూతురు ఇంగ్లండులో వృద్ధుల కేర్ హోమ్‌లో పనిచేస్తుంది. ఆ రాత్రి అది ఫోను చేసినప్పుడు మాటవరసకు అమ్మమ్మకు నోరు పూసిందని చెప్పాను. అవతల ఒక్క క్షణం మాట లేదు. తర్వాత అడిగింది: “మామయ్యా, మంగళవారం బిళ్ళ అమ్మమ్మకు వారానికి ఎన్నిసార్లు వేస్తున్నారు?”

మర్నాటి రాత్రి నర్సాపూర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి, పొద్దున్నే ఆశ్రమానికి వెళ్ళాను. అమ్మ మోచేతుల మీద నల్లటి కమిలిన మచ్చలు. మందుల పద్దు చూపించమన్నాను. ఎంతో ముచ్చటైన పుస్తకం! ఒకే సిరా, ఒకే వాలు. ఆ రోజు గురువారం. టిక్కులు శనివారం రాత్రి దాకా ఉన్నాయి. అంటే రాబోయే శనివారం బిళ్ళ మా అమ్మ అప్పటికే మింగేసింది.

నోరు పారేసుకున్నాను. మేనేజరు మేడమ్ ఎదురు చెప్పలేదు. సీసాలు తెప్పించి, ఏది ఎప్పుడిస్తున్నావని ఆయాను అడిగింది. ఆ అమ్మాయి చక్కగా చెప్పింది. ‘మంగళ’ అని రాసి ఉన్నది మంగళవారం నాలుగు, ‘రోజూ’ అని రాసి ఉన్నది తక్కిన రోజుల్లో ఒక్కొక్కటి. ఒక్కటీ తప్పు లేదు. సీసాలు ఒలికించి చూశాను. నాకే తేడా తెలియక, నేను పర్సులో ఉంచుకున్న రేకు ముక్కల్లోంచి ఒక్కో బిళ్ళ తీసి, వాటి పక్కన పెట్టి పోల్చుకోవలసి వచ్చింది. తారుమారు. అప్పుడు ఆయా మెల్లగా అంది: “చీమలు పట్టాయండి. మూతలు రెండూ సబ్బుతో కడిగి, ఎండబెట్టి పెట్టానండి.”

శుభ్రత తెలిసిన పిల్ల. మూతలు మారిపోయాయి. సీసాల ఒంటి మీద ఒక్క అక్షరం లేదు.

గేజి అంకెలు కాలువ లాకు గోడకు వేస్తారు, తలుపుకు వేయరు. తలుపు కదులుతుంది కాబట్టి. ముప్ఫై నాలుగేళ్ళు రోజూ చూసిన సంగతి అది. మూతల మీద రాసింది నేనే.

అమ్మను భీమవరం తీసుకెళ్ళాం. తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు బాగా పడిపోయాయి. ఆ మందు ఆపి, దానికి విరుగుడుగా ఫోలినిక్ యాసిడ్ సూదులు వేశారు. పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉంది, బతికింది. అక్కడి డాక్టరు ఆశ్రమం పేరు అడగలేదు. “రేకుల్లోంచి బిళ్ళలు విప్పిందెవరు?” అని మాత్రం అడిగారు. మా ఆవిడ నా వైపు చూసింది. కేసు పెట్టమని సలహా ఇచ్చిన బావగారు మాత్రం ఇప్పటికీ నేను మెతకవాణ్ణని అంటూంటారు.

ఆశ్రమాల్లో మందుల తప్పుల్లో సగానికి పైగా ఆశ్రమం గేటు దాటకముందే, కొడుకులూ కోడళ్ళూ మందుల షాపుల వాళ్ళూ కలిసి చేసేవేనని నేను ఒట్టేసి చెబుతాను. లెక్కలడగకండి, నా దగ్గర లేవు. షాపువాడు పది బిళ్ళల రేకును కత్తెరతో కోసి మూడు చేతిలో పెడతాడు. పేరు ఒక ముక్క మీద, గడువు తేదీ ఇంకో ముక్క మీద. ఆ ముక్క ఆశ్రమానికి చేరాక అది ఏమిటో బ్రహ్మకు కూడా తెలియదు. పూర్తి రేకులే కొనండి, రేకులోనే ఇవ్వండి, నొక్కి తీయడం ముసలాయన కళ్ళ ముందే జరగాలని చెప్పండి.

మా మేనకోడలి దగ్గర పద్ధతి ఏమిటంటే, ప్రతి మనిషికీ ఒక కాగితం, ప్రతి మందుకూ ఒక వరస. మింగడం కళ్ళారా చూశాకే సంతకం. వద్దన్నా, ఉమ్మేసినా దానికొక గుర్తు. అంత పద్ధతి ఉన్న దేశంలోనే 2009లో ఒక అధ్యయనం వచ్చింది. 55 హోముల్లో 256 మందిని పరిశీలిస్తే, వాళ్ళలో దాదాపు 70 శాతం మందికి మందుల విషయంలో కనీసం ఒక తప్పు జరిగి ఉంది. మేనకోడలు ఆ సంగతి చెప్పినప్పుడు నాకు ధైర్యం రావాలో భయం వేయాలో తెలియలేదు. వాళ్ళు లెక్కపెట్టారు కాబట్టి 70. మనం లెక్కపెట్టం కాబట్టి సున్నా.

మన చట్టం కూడా చదివాను, తీరిక ఎక్కువై. 2007లో వచ్చిన తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం జిల్లాకు కనీసం ఒక ఆశ్రమంతో మొదలుపెట్టి, కనీసం 150 మంది పేద వృద్ధులకు చోటు ఉండేలా రాష్ట్రాలు ఏర్పాటు చేయవచ్చంటుంది. వైద్యానికీ కాలక్షేపానికీ కావలసిన ప్రమాణాలు రాష్ట్రాలే రాసుకోవచ్చని, ఆ రెండిటినీ ఒకే వాక్యంలో చుట్టేసింది. బిళ్ళ ఎవరివ్వాలి, ఎవరు రాయాలి అన్నది అందులో లేదు. ఫిర్యాదుకైనా సలహాకైనా వృద్ధుల సహాయ నంబరు 14567 ఉంది, రాసిపెట్టుకోండి.

మీ నాన్నగారికి ఇన్సులిన్ అన్నారు కాబట్టి ఒకటి తప్పకుండా చెప్పాలి. ఆదివారం వెళ్ళవద్దన్నది ఇందుకే. ఆదివారాలు ఆశ్రమాల్లో పుట్టినరోజు భోజనాలు. దాతలు పన్నెండున్నరకు వస్తామని రెండింటికి వస్తారు. కేకు, ఫ్లెక్సీ, ఫోటోలు. అవయ్యేదాకా విస్తరి ముందు కూర్చున్న ముసలివాళ్ళు అన్నం ముట్టకూడదు. భోజనానికి ముందు వేసే సుగరు బిళ్ళ పన్నెండింటికే వేసేసి ఉంటారు. మా అమ్మ పక్క మంచం మామ్మగారు ఒకసారి అలాగే సుగరు పడిపోయి, చెమటలు పట్టి, వణికి, విస్తరి మీదికి ఒరిగిపోయింది. దాతగారి భార్య పూతరేకు నోట్లో పెట్టింది, అదృష్టవశాత్తూ మింగగలిగింది. ఆ ఫోటో కూడా తీశారు. దానం చేయాలనుకుంటే డబ్బిచ్చి ఇంటికి వెళ్ళండి బాబూ, వాళ్ళ అన్నం వాళ్ళ వేళకు తిననివ్వండి.

ఇంకా ఇన్సులిన్ గురించే. సీసాలో వచ్చేది సాధారణంగా మిల్లీలీటరుకు 40 యూనిట్లు, పెన్నులో వేసే గొట్టం 100 యూనిట్లు. 40 సీసాకు ఎర్రమూత సిరంజి, నారింజమూతది 100కు. ఎప్పుడో పెన్ను పాడైందని ఆ గొట్టంలోంచి ఎర్రమూత సిరంజితో లాగితే మోతాదు రెండున్నర రెట్లవుతుంది. ఈ సిరంజిల తేడా ఏమిటని అక్కడి సిస్టరును అడగండి. నవ్వి చెబితే సరే, తడుముకుంటే ఆలోచించుకోండి. ఫ్రిజ్ తలుపు తీసి చూడండి. ఇన్సులిన్ దోసెల పిండి పక్కన ఉంటే పరవాలేదు, ఐసు గడ్డకట్టే చోట ఉంటే పనికిరాదు. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ మళ్ళీ కరిగినా వాడకూడదు. తుఫాను రోజుల్లో కరెంటు పోతే ఏం చేస్తారో కూడా అడగండి, సముద్రం పక్కన ఉన్నాం.

బిళ్ళలు కల్వంలో నూరి పెరుగన్నంలో కలిపేస్తుంటే ఆపించండి. పేరు చివర ఎస్ఆర్ అనో ఎక్స్ఆర్ అనో ఉన్న మందు రోజంతా మెల్లగా కరగాలి. నూరితే రోజు మోతాదంతా ఒక్కసారిగా ఒంట్లోకి పోతుంది. డాక్టరు రాయకుండానే రాత్రి తొమ్మిదింటికల్లా అందరూ మొద్దు నిద్రపోయే ఆశ్రమం కనిపిస్తే మాత్రం అక్కడి నుంచి వచ్చేయండి. నిద్రమాత్రలతో తెచ్చిన ఆ ప్రశాంతత, తెల్లవారుజామున బాత్రూముకు లేచినప్పుడు తుంటి ఎముక విరగడంతో తీరుతుంది.

కిందటేడు మనవడి పుట్టినరోజుకు మళ్ళీ హైదరాబాదు వెళ్ళాం. అమ్మను అదే ఆశ్రమంలో పెట్టాం. బావగారు మాట్లాడటం మానేశారు. ఆ రోజు నన్ను తిరిగి తిట్టకుండా సీసాలు తెప్పించిన మేనేజరు మేడమే ఇప్పటికీ అక్కడ ఉన్నారు, మూతలు కడిగిన ఆయా కూడా ఉంది. ఇప్పుడు మంగళవారం బిళ్ళల రేకు మేడమ్ బీరువాలో వేరుగా ఉంటుంది, మంగళవారం తప్ప బయటికి రాదు. అమ్మ చెయ్యి చాచి “ఇదేం బిళ్ళ? ఇవాళేం వారం?” అని అడిగి, జవాబు వచ్చాకే నోట్లో వేసుకుంటుంది. వారం సంగతి ఆవిడకు తెలియక కాదు.

తిరిగి తీసుకురావడానికి వెళ్ళినప్పుడు పద్దు అడిగి చూశాను. మూడుచోట్ల కొట్టివేతలు. రెండు రంగుల సిరా. ఒకచోట వంకర అక్షరాలతో ‘మామ్మగారు ఉమ్మేశారు, మళ్ళీ ఇవ్వలేదు, మేడమ్‌కి చెప్పాను’ అని ఉంది. పేజీ అంచున ఆవకాయ నూనె మరక.