వెండి రంగు కింద ఏం వేయాలి?

ప్రశ్న: అన్నగారూ, మిషిగన్ వచ్చి నాలుగు నెలలైంది. నోవైలో ఒక్కణ్నే ఉంటున్నాను. సాయంత్రాలు పొద్దుపోక ముక్కలు అతికించి చేసుకునే బొమ్మ కారు కిట్ ఒకటి, 1/25 సైజుది (అసలు కారులో ఇరవై అయిదో వంతు), కొన్నాను. బాడీకి మెటాలిక్ సిల్వర్ స్ప్రే కొడదామని ఉంది. కింద ముందు పొరగా గ్రే ప్రైమర్ వేయాలా, నలుపు వేయాలా? ప్లాస్టిక్ మీదే కొట్టేస్తే కుదరదా?

జవాబు: తమ్ముడూ, ప్లాస్టిక్ మీద నేరుగా కొట్టకు. గ్రే ప్రైమర్ తప్పనిసరి. దాని మీద నలుపు కూడా కావాలా అన్నది నువ్వు కొన్న సిల్వర్‌ని బట్టి ఉంటుంది. ఇంతటితో సరిపెట్టొచ్చు గానీ, నీ ప్రశ్నలో ‘ఒక్కణ్నే’ అన్న మాట దగ్గర ఆగిపోయాను.

నేనూ 2006 నవంబరులో ఇక్కడ ఒక్కణ్నే దిగాను. అయిదింటికల్లా చీకటి పడిపోయేది. ఆఫీసు నుంచి వచ్చి కుక్కర్ పెట్టాక ఇంక పనుండేది కాదు. రాత్రి ఎనిమిదిన్నర అయితే బెజవాడలో పొద్దున్న ఏడు, అమ్మ ఫోనుకి దొరికేది. ఆ మూడు గంటలు గడవడం కోసమే నేను మొదటి కిట్ కొన్నాను. నువ్వూ అందుకే కొన్నావు, నాకు తెలుసు.

ఈ పనికి నువ్వు దిగిన చోటు మాత్రం మంచిది. ఏఎంటీ కిట్ల కంపెనీ 1948లో ఈ డెట్రాయిట్ ప్రాంతంలోనే పుట్టింది, తర్వాత నీకు దగ్గర్లోని ట్రాయ్‌లో చాలాకాలం నడిచింది. కార్ల షోరూముల్లో పెట్టే చిన్న నమూనాలు చేసేవాళ్లు. అమెరికా కిట్లు ఎక్కువగా 1/25, జపాన్‌వి 1/24. ఈ ఊళ్లో కార్ల ఫ్యాక్టరీలో చేసి రిటైరైనవాళ్లు వీధికొకరు ఉంటారు. ఈ సంగతి గుర్తుపెట్టుకో, మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

నా మొదటి బొమ్మ కారు 57 షెవీ బెల్ ఎయిర్, అంటే 1957 నాటి షెవర్లే. మా మేనమామకి బెజవాడ ఆటోనగర్‌లో పెయింటింగ్ షెడ్డు ఉండేది. లప్పం పెట్టడం, వాటర్ పేపర్ (నీళ్లతో రుద్దే గరుకు కాగితం) కొట్టడం, ప్రైమర్, ఆపైన రంగు, ఇవన్నీ చూస్తూ పెరిగాను. ప్రైమర్ వేయాలని తెలుసు. ఏ ప్రైమర్ అన్నది తెలీదు. హాబీ షాపులో చిన్న డబ్బా ధర చూసి, రూపాయల్లో లెక్కేసుకుని, వెనక్కి తిరిగాను. ఇళ్ల సామాన్లు అమ్మే పెద్ద దుకాణంలో అసలు కార్లకి కొట్టే ప్రైమర్ పెద్ద డబ్బా చవగ్గా దొరికింది. కారుకి పనికొచ్చేది బొమ్మకి ఎందుకు పనికిరాదనుకున్నాను. కిట్ ప్లాస్టిక్ పాలిస్టైరీన్. ఆ డబ్బాలోని సాల్వెంట్ దాన్ని కరిగించేస్తుంది. పది నిమిషాలు తిరక్కుండానే బానెట్ నిండా నెర్రెలు, వేసవిలో ఎండిన చెరువులా. వేలు పెడితే అచ్చు పడింది. రెండు వారాల సాయంత్రాలు పోయాయి. ఆ రాత్రి అమ్మతో మాట్లాడాను గానీ ఈ సంగతి చెప్పలేకపోయాను. ఏమని చెప్పను, బొమ్మ కారు పాడైందని ఏడుపొస్తోందనా? పక్కన చెప్పుకోడానికి మనిషి లేకపోతే చిన్న నష్టం కూడా అంత బరువవుతుంది.

కాబట్టి మోడల్స్ కోసం చేసిన ప్రైమరే కొను. టామియా ఫైన్ సర్ఫేస్ ప్రైమర్ గానీ, మిస్టర్ సర్ఫేసర్ గానీ. మిస్టర్ సర్ఫేసర్‌లో అంకె పెరిగేకొద్దీ పొర నునుపు. 500 గీతలు పూడ్చడానికి, మెటాలిక్ కిందికి 1500 బాగుంటుంది. ముందు బాడీని గిన్నెలు తోమే సబ్బుతో గోరువెచ్చటి నీళ్లలో కడుగు. అచ్చులోంచి వచ్చిన జిడ్డు ఉంటే ప్రైమర్ కూడా పట్టుకోదు.

నునుపు గురించి ఇంత ఎందుకంటున్నానంటే, మెటాలిక్ రంగులో ఉండేవి సన్నటి అల్యూమినియం రేకులు. అవి చేప పొలుసుల్లా ఒకదాని పక్కన ఒకటి చదునుగా పడుకుంటేనే వెలుగు తిరిగొచ్చి లోహంలా కనిపిస్తుంది. కింద గరుగ్గా ఉంటే తలోవైపు నిలబడతాయి, అప్పుడది వెండి కాదు, బూడిద. మామూలు రంగు కింద దాగే గీత మెటాలిక్ కింద దాగదు. నేను గరుకైన 400 నంబరు పేపర్ కొట్టి వదిలేసిన తలుపు మీద ప్రతి గీతా సిల్వర్ వేశాక పైకి తేలింది. ప్రైమర్ ఆరాక 1500, 2000 వాటర్ పేపర్‌తో నీళ్లలో తేలిగ్గా రుద్దు. కళ్లు మూసుకుని బొటనవేలితో నిమిరి చూడు, కంటికంటే వేలికి ముందు తెలుస్తుంది.

ఇక నలుపు సంగతి. నీది టామియా టీఎస్-30, టీఎస్-17 లాంటి డబ్బా సిల్వర్ అయితే నునుపైన గ్రే చాలు. కింద మెరిసే నలుపు వేస్తే లోతు, చీకటి నీడలు వస్తాయి, అది నీ ఇష్టం. క్రోమ్‌లా అద్దం మెరుపు కావాలని ఆల్క్లాడ్ లాంటి లోహపు రంగు వాడితే మాత్రం మెరిసే నలుపు (గ్లాసీ బ్లాక్) తప్పదు. ఆ పొర ఎంత పలచనంటే, కింది నలుపు మెరుపే పైకి కనిపిస్తుంది. ముత్యపు తెలుపుకి కింద మామూలు తెలుపు. లోపలికి కనిపించే క్యాండీ ఎరుపుకి కింద సిల్వర్ గానీ బంగారం గానీ. మెటాలిక్ ఎరుపు, నీలం కూడా పూర్తిగా కప్పవు. గ్రే మీద ముదురుగా, సిల్వర్ మీద వెలుగ్గా వస్తాయి. అందుకే బానెట్, సైడ్ మిర్రర్లు, బంపర్ అన్నిటికీ ఒకటే అండర్‌కోట్ వెయ్యి, కారు మీద ఎలా ఉంటాయో అలాగే నిలబెట్టి కొట్టు. బానెట్‌ని పడుకోబెట్టి, తలుపుని నిలబెట్టి కొడితే రేకులు వేరుగా సర్దుకుని రెండూ రెండు రంగుల్లా కనిపిస్తాయి. కిట్ ప్లాస్టిక్కే ఎర్రగా ఉంటే తెల్ల ప్రైమర్‌ని నమ్మకు. నా కారొకటి మూడు రోజుల్లో గులాబీ రంగుకి తిరిగింది. మధ్యలో ఒక సిల్వర్ పొర వేస్తే ఆ ఎరుపు పైకి రాదు.

నలుపుతోనే నేను చేసిన పెద్ద తప్పు ఇంకోటుంది. ఇంట్లో మిగిలిన మెరిసే నలుపు, నిదానంగా ఆరే ఎనామెల్ రకం, వేశాను. అద్దంలా వచ్చింది, నా ముఖం కనిపించింది. రెండు రోజులు ఆగి దాని మీద లాకర్ (ఘాటైన సాల్వెంట్‌తో త్వరగా ఆరే రంగు) సిల్వర్ కొట్టాను. కళ్ల ముందే పాల మీద మీగడలా ముడతలు పడింది. ఎనామెల్ మీద లాకర్ వేయకూడదు, లాకర్ మీద ఎనామెల్ అయితే ఫర్వాలేదు. నలుపు కూడా టామియా టీఎస్-14 లాంటి లాకరే తీసుకో. నేనైతే కనీసం రెండు రోజులు ముట్టుకోను.

ఆ ముడతల కారుని చెత్తలో వేయబోయి, ఎందుకో సంచిలో పెట్టుకుని హాబీ షాపుకి తీసుకెళ్లాను. అక్కడ కౌంటర్ దగ్గర ఒక పెద్దాయన, కార్ల ఫ్యాక్టరీ పెయింట్ షాపులో పనిచేసి రిటైరైనాయన, దాన్ని చేతిలోకి తీసుకుని వెలుతురులో తిప్పి చూశాడు. రంగు గురించి ఒక్క మాట అన్లేదు. కింద ఏం వేశావు, ఎప్పుడు వేశావు, ఎంత చలిలో వేశావు అని అడిగాడు. నేను వచ్చిన అయిదు నెలల్లో, పని సంగతులు కాక, నన్ను ఒకరు వరుసగా మూడు ప్రశ్నలు అడగడం అదే మొదలు. గంటసేపు నిలబడ్డాం. నెలకోసారి జరిగే మోడల్ క్లబ్బుకి రమ్మన్నాడు. వెళ్లాను, ఇప్పటికీ వెళ్తున్నాను. డబ్బాని కొట్టేముందు గోరువెచ్చటి నీళ్లలో కాసేపు ఉంచాలని ఆయనే చెప్పాడు. స్టవ్ దగ్గరికి మాత్రం తీసుకెళ్లకూడదు. మిషిగన్ జనవరిలో గరాజ్ చలికి డబ్బా తుంపర్లు కక్కుతుంది, సిల్వర్ మచ్చలుగా పడుతుంది.

ఇప్పుడు మా ఇంట్లో అద్దాల బీరువాలో 43 కార్లున్నాయి. ఏ ఒక్కటీ వీడియో చూసి నేర్చుకున్నది కాదు. మీ వయసువాళ్లు ఫోనులో చూస్తే చాలనుకుంటారు. ఫోను నీ కారుని చేతిలోకి తీసుకుని వెలుతురులో తిప్పదు కదా.

నియమాలు నువ్వే చూసుకో. విమానం సామాన్లలో స్ప్రే పెయింట్ తీసుకెళ్లనివ్వరు, ఇండియాకి పట్టుకెళ్దామని కొనకు. నీ లీజులో స్ప్రే గురించి ఏముందో చదువు. ఖాళీ డబ్బాలు ఎక్కడ ఇవ్వాలో కౌంటీ వాళ్ల పేజీలో ఉంటుంది. బేస్‌మెంట్‌లో గ్యాస్ వాటర్ హీటర్ ఉంటే అక్కడ కొట్టొద్దు, స్ప్రే ఆవిరికి మంట అంటుకుంటుంది. రంగు ఆవిరిని ఆపే ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్ ఉన్న మాస్క్ కొను, గుడ్డ మాస్క్ చాలదు.

బాడీ మీద కొట్టేముందు ప్లాస్టిక్ స్పూన్ల వీపు మీద చూసుకో. మా ఇంట్లో ఉగాది భోజనాలకి తెచ్చినవి మిగిలితే దాచిపెడతాను. స్పూను సగం గ్రే, సగం నలుపు వేసి, ఆరాక మొత్తం మీద నీ సిల్వర్ కొట్టు. కిటికీ దగ్గర ఒకసారి, బల్బు కింద ఒకసారి చూస్తే నీ ప్రశ్నకి జవాబు దానిమీదే ఉంటుంది.

కారు పూర్తయ్యాకే క్లబ్బుకి వెళ్తానని మాత్రం అనకు. అలా అనుకునే నేను మొదటి అయిదు నెలలూ గదిలో కూర్చున్నాను. ప్రైమర్ కొట్టిన బాడీ, ఆ రెండు రంగుల స్పూను ఒక చెప్పుల పెట్టెలో పెట్టుకుని దగ్గర్లోని క్లబ్బుకి ఈ నెలే వెళ్లు. తలుపు దగ్గర కూర్చున్న ముసలాయన చేతిలో ఆ స్పూను పెట్టు.