ముందు పారిపోయిన గుర్రాలను తోలుకురా

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

2002 నాటి హోండా సిటీ వీటెక్ కొన్నావనీ, దానికి మోత సైలెన్సరు, పెద్ద ఎయిర్ ఫిల్టరు వేయించడానికి 60 వేలు దాచావనీ మీ అమ్మ చెప్పింది. బండి ఎంపికకు వంక పెట్టను. కొత్తలో ఆ 1.5 లీటర్ల ఇంజన్‌ది 106 గుర్రాల శక్తి. అయితే ఇరవై ఏళ్లు దాటాక అవన్నీ ఇంకా కొట్టంలోనే ఉన్నాయనుకోకు. కొత్తవి కొనేముందు పారిపోయినవాటిని తోలుకురావాలి.

మొదట కంప్రెషన్ చూడాలి, అంటే సిలిండర్లలో గాలిని పిస్టన్ ఎంత గట్టిగా నొక్కుతోందో. నాలుగు సిలిండర్ల అంకెలూ దగ్గరదగ్గరగా ఉంటే అదృష్టమే. ఒకటి బాగా దిగిపోయి ఉంటే నీ 60 వేలకు అక్కడే పని ఉంది, సైలెన్సరు మాట మరిచిపో. అంకెలు బాగుంటే వాల్వుల క్లియరెన్స్, అంటే వాల్వుల దగ్గర ఉండాల్సిన సన్నని సందు, సరిచేయించు. ప్లగ్గులు, పెట్రోలు ఫిల్టరు మార్చు. వాల్వులను వేళకు తెరిపించే టైమింగ్ బెల్టు ఎప్పుడు వేశారో కాగితం లేకపోతే వేయలేదనే లెక్క. నడుస్తుండగా అది తెగితే వాల్వులు వంగుతాయి, ఆ ఖర్చుకు నువ్వు తట్టుకోలేవు. పెట్రోలు గొట్టాలు కూడా పాతవైతే మార్చేయి. ఇప్పుడు బంకుల్లో దొరికే 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలుకు ఆనాటి రబ్బరు నిలవదు.

తరవాత బండిని జాకీ మీద లేపి, న్యూట్రల్‌లో పెట్టి, ఒక్కో చక్రాన్నీ చేత్తో తిప్పి చూడు. అంతర్వేది వైపు నుంచి మా షెడ్డుకు వచ్చిన బళ్లలో సగానికి ఇదే జబ్బు: ఉప్పుగాలికి కాలిపర్ (బ్రేకు ప్యాడ్లను నొక్కే భాగం) జారే పిన్నులు తుప్పుపట్టి, కాలు తీసినా బ్రేకు వదలదు. ఇంజన్ ముందుకు లాగుతుంటే బ్రేకు వెనక్కి లాగుతుంది. పిన్నులు శుభ్రం చేసి గ్రీజు పెడితే చాలు, చవకగా వేగం వస్తుంది. పనిలో పనిగా లోపలి కార్పెట్ ఎత్తి చూడు. 2022 జూలై గోదావరి వరదలో మునిగిన బండి అయితే కింద ఒండ్రు ఇంకా ఉంటుంది. అప్పుడు వైరింగ్ మొత్తం అనుమానించాలి.

ఎయిర్ ఫిల్టరు సంగతి. బయట దొరికే ఆ గరాటు ఫిల్టరును బానెట్ కింద బిగిస్తే అది ఇంజన్ వేడిగాలినే పీలుస్తుంది. గాలి పది డిగ్రీలు వేడెక్కితే సాంద్రత దాదాపు మూడు శాతం తగ్గుతుంది, ఆ మేరకు శక్తీ తగ్గుతుంది. పైగా కోతల కాలంలో మన రోడ్ల మీద ఎగిరే ఊక దుమ్ముకు కంపెనీ కాగితం ఫిల్టరే మేలు. మోత సైలెన్సరు తప్పు నేనూ చేశాను. కుర్రతనంలో నా ప్రీమియర్ పద్మినికి లావు గొట్టం వేశాను. ఊరంతా వినిపించింది గానీ జొన్నాడ వంతెన ఎక్కేటప్పుడు లారీలు నన్ను దాటిపోయాయి. ఇప్పుడైతే చట్టం కూడా ఒప్పుకోదు. కంపెనీ లక్షణాలకు విరుద్ధంగా బండి మార్చకూడదని 2019లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. పదిహేనేళ్లు దాటిన బండి, అయిదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి. తనిఖీ అధికారి ముందు ఆ మోతతో నిలబడతావా?

మిగిలిన డబ్బంతా టైర్లకూ బ్రేకులకూ పెట్టు. టైరు పక్కన నాలుగంకెల ముద్ర ఉంటుంది, మొదటి రెండు వారం, తరవాతి రెండు సంవత్సరం. ఆరేళ్లు దాటిన టైరు గట్టిపడిపోతుంది, అరుగుదల లేకపోయినా మార్చేయి. బ్రేకు ఆయిల్ తేమ పీల్చుకుంటుంది, మన వాతావరణంలో రెండేళ్లకు మించి ఉంచకు. కాలవ గట్ల మీద ఎంత వేగంగా పోగలవో ఇంజన్ చెప్పదు, మలుపు దగ్గర ఎంత ఆలస్యంగా బ్రేకు వేసి బండిని నిలబెట్టుకోగలవో అదే చెబుతుంది. ఆ మలుపు అవతల రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉంటాయి, గేదె ఉంటుంది. ఇక్కడ పందెం వద్దు. నిజంగా తొక్కాలనిపిస్తే చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో 3.7 కిలోమీటర్ల ట్రాక్ ఉంది. బండి సిద్ధమయ్యాక నేనూ వస్తాను.

ఆదివారం పొద్దున్నే వచ్చేయి, కంప్రెషన్ గేజ్ నా దగ్గర ఉంది. డిక్కీలో ఆ స్పీకర్ల పెట్టె, మీ నాన్న వేసిన కొబ్బరికాయల బస్తా దించేసి రా. ఇంటి దగ్గరే 60 కిలోలు తగ్గుతాయి, దానికి పైసా ఖర్చు లేదు.

మామయ్య